ఆపమన్న నోరు

మా ఊళ్ళో గడప దాటిన మనిషిని వెనకనుంచి పిలవరు. ఎక్కడికని అడగరు. మనిషి సద్దిమూట మరిచిపోయి పోతున్నా సరే, నోరు విప్పరు. అడ్డదారిన ముందుకు ఉరికి, చేతిలో పెట్టి వస్తారు. పొరపాటున ఎవరైనా "ఆగు" అన్నారో, ఆ మనిషి మొహం మాడ్చుకుని వెనక్కి వచ్చి, అరుగు మీద కాసేపు కూర్చుని, చెంబెడు నీళ్ళు తాగి, అన్నవాళ్ళను నాలుగు తిట్టి మళ్ళీ బయలుదేరుతాడు. పోయిన పని చెడిందా, ఇక ఆ అన్నవాళ్ళ పని అయిపోయినట్టే. ఇదంతా నేనూ చిన్నప్పటినుంచి చేసిందే. ఇప్పుడు మాత్రం ఎవరైనా నా ముందర ఈ మాట ఎత్తితే ఒళ్ళు మండుతుంది.

మాటకే ఇంత ఉంటే, మొగుడు పోయిన ఆడది ఎదురొస్తే చెప్పేదేముంది? దేవవ్వ మొగుడు పాము కరిచి పోయేనాటికి ఆమె ఇంకా పిల్లే. అప్పటినుంచి పొద్దున నీళ్ళకు పోవాలన్నా ముందు తలుపు సందులోంచి వీధి చూసుకునేది. ఎవరైనా పని మీద పోతుంటే వాళ్ళు మలుపు తిరిగేదాకా బిందె చంకలో పెట్టుకుని లోపలే నిలబడేది. ఒకరోజు నేను ఖానాపూర్ పోతుంటే ఆమె తలుపు వెనక దాక్కోవడం చూశాను. "రా అక్కా, నాకు పట్టింపు లేదు" అన్నాను. ఆమె రాలేదు. "నీకు లేకపోతె నాకున్నది తమ్మీ" అంది.

నా పేరు లింగమూర్తి. నేను ఉర్దూలో మిడిల్ పాసై, ఇక తహసీలులో కుర్చీ ఖాయం అనుకునేసరికి సర్కారు మారింది, సర్కారు భాషా మారింది. నా చదువు ఎందుకూ కొరగాకుండా పోయింది. మా బాపు నన్ను చూసినప్పుడల్లా నా మీద పెట్టిన తిండి గుర్తు చేసుకునేవాడు. అలా ఏళ్ళు గడిచాక చైనా యుద్ధం వచ్చింది. అది దేశానికి ఏం చేసిందో గానీ నాకు మాత్రం ఒక నౌకరీ ఇచ్చింది.

మా ఊరికి పడమట నైజాం కాలంలో చదును చేసి వదిలేసిన విమానాల బీడు ఒకటి ఉండేది. అందులో గొడ్లు మేసేవి. యుద్ధం తర్వాత మిలట్రీకి పైలట్లు ఎక్కువ కావలసి వచ్చారట. కొత్తగా నేర్చుకునే పిల్లలు దిగడం, లేవడం సాధన చేయడానికి ఆ బీడు బాగుంటుందని ఎవరికో తోచింది. డేరాలు వేశారు. ఒక జీపు, ఒక వైర్‌లెస్ పెట్టె, రెండు సీట్ల చిన్న విమానాలు కొన్ని వచ్చాయి. వాటికి పెద్ద ఒక మద్రాసు వైపు అధికారి. ఆయన పేరు పలకడం మాకెవరికీ చేతకాక అందరం కెప్టెన్ సాబ్ అనేవాళ్ళం. ఆయనకు తెలుగు రాదు, మా ఊరికి హిందీ రాదు. నడుమ నేను పనికొచ్చాను.

బీడు మీద గడ్డి కోయడానికి, గొడ్లను తోలడానికి ఊరి ఆడవాళ్ళను పెట్టుకున్నారు. అందులో దేవవ్వ ఉంది. వాళ్ళ దాయాదుల ఇంటి కోడలు, నుదుట ఇంత బొట్టు పెట్టుకునే కిష్టవ్వ కూడా ఉంది. మొదటి రోజే కెప్టెన్ వాళ్ళందరినీ ఒక విమానం దగ్గరికి తీసుకుపోయి నిలబెట్టాడు. తోక దగ్గర పైకీ కిందికీ ఆడే పలకను చేత్తో ఆడించి చూపించాడు.

"విమానం ముక్కు పైకి లేవాలన్నా, కిందికి దిగాలన్నా ఇది ఆడాలి. దీని సందులో గడ్డి గానీ తీగ గానీ ఏదైనా ఇరుక్కుంటే లోపలున్న పిల్లవాడు ఏమీ చేయలేడు. వాడికి వెనక కనపడదు. మీకు కనపడుతుంది" అన్నాడు. తర్వాత తలా ఒక ఎర్రగుడ్డ ఇచ్చాడు. "ఏదైనా సరిగ్గా లేదనిపిస్తే చాలు, ఇది ఎత్తి ఊపండి, ఆపమని అరవండి. నేను ఆకాశంలోకి ఎర్రటి మంట తూటా పేలుస్తాను, అది చూసి విమానం ఆగుతుంది. ఎందుకు ఆపారని ఆగిన తర్వాతే అడుగుతాం. పొరపాటున ఆపినా ఒక్క మాట అనం. నేను ఆపినా, గడ్డి కోసే మనిషి ఆపినా ఒకటే."

నేను తెలుగులో చెప్పాను. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. కిష్టవ్వ నవ్వలేదు.

"గదేంది లింగమూర్తీ, పోయేటోన్ని ఆగుమంటమా? మంచిగుంటదా?" అంది.

కెప్టెన్‌కు ఆ మాట అర్థం చేయించేసరికి నాకు చెమటలు పట్టాయి. ఆయన విని, "ఆపకపోతే మంచిగుండడానికి మనిషి ఉండడు" అన్నాడు.

దేవవ్వ గుడ్డను రెండు చేతులతో పట్టుకుని నా దగ్గరికి వచ్చి నిలబడింది. "తమ్మీ, నేను ఎత్తినా ఆగుతదా?" అని అడిగింది.

"ఎవరెత్తినా ఆగుతది."

"నాసొంటిది ఎత్తినా?"

ఆమె ఏమంటోందని కెప్టెన్ అడిగాడు. విధవల సంగతి, ఎదురొచ్చే సంగతి, అన్నీ చెప్పాను. ఆయన ఆమె వంక తిరిగి, తనకు వచ్చిన హిందీలోనే నేరుగా చెప్పాడు, నేను తిప్పి చెప్పాను. "నువ్వు ఎత్తితే నేను కూడా ఆగుతాను."

తర్వాత కొన్నాళ్ళకు ఒక విమానం బయలుదేరి పరుగు అందుకుంటుండగా బీడు చివర ఎర్రగుడ్డ లేచింది. దేవవ్వ ఆపుండ్రి, ఆపుండ్రి అని అరుస్తోంది. కెప్టెన్ ఎర్ర తూటా పేల్చాడు. విమానం ఊగుతూ ఆగింది. అందరం పరుగెత్తాం. తోకలో ఏదో వేలాడినట్టు కనపడిందని దేవవ్వ చెప్పింది. చూస్తే ఏమీ లేదు. బహుశా నీడ. లోపల పిల్లవాడికి నేర్పుతున్న గురువు దిగి గొణుక్కున్నాడు. ఆడవాళ్ళంతా దేవవ్వకు ఇక మూడిందనుకున్నారు. ఆమె గుడ్డను కాళ్ళ దగ్గర పడేసి తల దించుకుని నిలబడింది.

కెప్టెన్ ఆ గుడ్డను వంగి తీసి, దులిపి, ఆమె చేతిలో పెట్టాడు. అడుగు వెనక్కి వేసి, పెద్ద అధికారికి కొట్టినట్టు సలాం కొట్టాడు. గొణిగిన గురువు చేత కూడా కొట్టించాడు.

ఆ రోజు దేవవ్వ వీధి మధ్యలోంచి నడిచి ఇంటికి పోయింది. నేను వెనకాలే ఉన్నాను గనక చూశాను. ఎదురుగా ఎవరైనా వస్తున్నారేమోనని పక్కకు కూడా తప్పుకోలేదు. నాకు చెప్పలేనంత సంతోషమేసింది. ఆమెకు ఆ కూలి ఒక్కటే కాదు, ఆ బీడు చివర నిలబడే చోటు కావాలి. ఆమె ఆపితే శాపం కాకుండా పని అయ్యే చోటు ప్రపంచంలో అదొక్కటే.

ఊరికి మాత్రం నవ్వులాట అయింది. దేవవ్వ బావ భూమన్న, అంటే ఆమె మొగుడి అన్న, కాస్త భూమి, బోలెడు నోరు ఉన్న మనిషి. నలుగురిలో కూర్చుని, "మనుషులను ఆపుడు సాలలే మా ఇంటి లక్ష్మికి. ఇప్పుడు ఆస్మాన్ల పోయేటియి గూడ ఆగుతున్నయ్" అనేవాడు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వేవారు.

ఆ భూమన్నకు ఒక్కడే కొడుకు, రామచంద్రం. తల్లి బాలలక్ష్మి కాన్పు తర్వాత మంచం పట్టి చాలాకాలం లేవకపోతే, పిల్లవాణ్ణి చంకనేసుకుని పెంచింది దేవవ్వే. పిల్లవాడిని ఎత్తుకోవడానికి మాత్రం విధవ చేయి ఎవరికీ అడ్డం రాలేదు. వాడు ఆమెను చిన్నవ్వా అని పిలిచేవాడు. హైదరాబాదులో చదువుకుని, అక్కడినుంచే మిలట్రీ పైలట్ల శిక్షణలో చేరాడు. మా తాలూకాలో అటువంటి పని ఎవరూ చేసి ఎరగరు. ఊరంతా వాడు తమ కొడుకే అన్నట్టు మాట్లాడేది.

వాడి జట్టు శిక్షణకు మా బీడుకే వస్తోందని కబురు వచ్చింది. అంతేకాదు, వాడి గురువు ఇక్కడే దిగిపోయి, వాణ్ణి మొదటిసారి ఒంటరిగా ఎగరనిస్తాడట. ఊళ్ళో పండగ మొదలైంది. డప్పులు పిలిపించారు. బాలలక్ష్మి కొండగట్టు అంజన్నకు మొక్కుకుంది.

భూమన్న నా దగ్గరికి వచ్చాడు. "లింగమూర్తీ, జర గా దినం దేవవ్వను బీడు మీదికి రానియ్యకు" అన్నాడు.

"అది కెప్టెన్ సాబ్ ఇష్టం. నా చేతుల లేదు."

"పోరడు ఒక్కడే పోతుండు. మొదటిసారి పోతుండు. ఎదురుంగ గామె నిలబడాల్నా? నీకు పిల్లలున్నరా లేరా?"

"గామెనే పెంచింది గదనే నీ పోరన్ని" అన్నాను.

"పెంచితె పెంచింది. ఎదురు నిలబడమని పెంచలే" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. సాయంత్రం కెప్టెన్‌కు కూడా చెప్పాను. ఆయన లెక్కలేవో చూసుకుంటూ, "ఆ చివర గుడ్డతో ఒక మనిషి ఉండాలి. ఎవరైనా ఫరవాలేదు. వాళ్ళ ఇంటి గొడవలోకి మనం వెళ్ళవద్దు" అన్నాడు. మంచి మనిషే. ఎవరైనా ఒకటేనని నిజంగా నమ్మాడు.

భూమన్న ఇంటికి పోయి నేరుగా దేవవ్వకే చెప్పాడు. ఆమె మొదట ఒప్పుకోలేదట. "నీకు కొడుకైతె నాకు గాదా బావా? నేను నిలబడితెనే వానికి పదిలం. తోక నేను చూస్త" అందట. "కొడుకే అయితె దూరముండు" అన్నాడట భూమన్న. మర్నాడు ఎర్రగుడ్డ తెచ్చి కిష్టవ్వ చేతికి తనే ఇచ్చింది. తోక దగ్గర ఎటు చూడాలో, ఎప్పుడు ఎత్తాలో మళ్ళీ మళ్ళీ చెప్పింది. కిష్టవ్వ తల ఊపింది.

ఆ రోజు విమానం దిగేసరికి బీడు చుట్టూ కట్టిన తాడు బయట ఊరంతా ఉంది. రామచంద్రం దిగాడు. ఖాకీ బట్టలు, మెడకు తెల్లటి గుడ్డ, అంతే, మిగతా అంతా పాత రామచంద్రమే. తల్లి కాళ్ళకు మొక్కాడు. తండ్రి కాళ్ళకు మొక్కాడు. తాడు వెనక, అందరికన్నా వెనక, రేగు పొద దగ్గర నిలబడ్డ దేవవ్వను వెతికి చెయ్యి ఊపాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఊరివాళ్ళు విమానానికి బంతిపూల దండ వేశారు. కెప్టెన్ నవ్వుతూనే దాన్ని తీయించి, నా చేత అందరికీ గట్టిగా చెప్పించాడు. "విమానం మీద ఏమీ ఉండకూడదు. పువ్వు కూడా ఉండకూడదు." అందరూ సరేనన్నారు. తర్వాత కెప్టెన్, గురువు, రామచంద్రం జీపు దగ్గర నిలబడి మాట్లాడుకుంటున్నారు. నేను వాళ్ళతోనే ఉన్నాను.

పువ్వు వద్దన్నారు, సరే. కానీ ముడుపు పువ్వు కాదు కదా! బాలలక్ష్మి బుద్ధి అలా పోయింది. పసుపు గుడ్డలో కొబ్బరికాయ మూటకట్టి, అంజన్న పేరు చెప్పుకుని, ఎవరూ చూడకుండా తోక కిందికి వంగి, అక్కడి కమ్మీకి కట్టేసింది. నిలబడి ఉన్నప్పుడు ఆ విమానాల తోక నేలకు దగ్గరగానే ఉంటుంది, ఆడమనిషి చేతికి అందుతుంది. కొడుకు క్షేమంగా దిగాక విప్పి కొండగట్టు తీసుకుపోదామని ఆమె ఆలోచన. దొరకు చెబితే తీయిస్తాడని చెప్పలేదు. మా ఊళ్ళో ఏ తల్లయినా అదే పని చేసి ఉండేది.

గురువు రామచంద్రం వీపు తట్టి పక్కకు జరిగాడు. పిల్లవాడు ఎక్కి కూర్చున్నాడు. తోక పలకను ఆడించి చూసుకున్నాడు. బాగానే ఆడింది. ఇంజను పుంజుకుంది. డప్పులు మోగాయి. బాలలక్ష్మి కొబ్బరికాయ కొట్టింది. విమానం పక్కకు తిరిగి, పరుగు తీసే బాట పట్టేసరికి దాని తోక, వెనకాల రేగు పొద దగ్గరున్న దేవవ్వ వైపుకు వచ్చింది.

ఆమెకు పసుపు మూట కనపడింది. విమానం కదిలిన కుదుపుకు, ముందరి పంకా విసిరే గాలికి, అది కమ్మీ మీద పైకి జారి పలక సందువైపు పోతోంది.

"ఆపుండ్రి!" అని అరిచింది. "కిష్టవ్వా, ఎత్తు! గుడ్డ ఎత్తు! ఆపుండ్రి!"

ఆ అరుపు డప్పుల్లోంచి నాకే వినపడింది, అందుకే గుడ్డ పట్టుకుని నిలబడ్డ కిష్టవ్వకు వినపడకుండా ఎలా ఉంటుంది? వినపడింది. ఆమె తిరిగి దేవవ్వను చూసింది. చేతిలో గుడ్డ ఉంది. ఎదురుగా తల్లి కొబ్బరికాయ కొట్టి సాగనంపిన ఊరి పిల్లవాడు వస్తున్నాడు. ఆమె చెయ్యి లేవలేదు. గుడ్డను పొట్టకు ఇంకా గట్టిగా అదుముకుంది.

దేవవ్వ తాడు దాటి ఉరకబోయింది. భూమన్న పరుగున వచ్చి ఆమె జుట్టు పట్టి వెనక్కి గుంజాడు. ఒక చేత్తో ఆమె నోరు మూశాడు. "పోయేటప్పుడు అరుస్తవా? నా కొడుకు పోయేటప్పుడు అరుస్తవా?" అంటున్నాడు. పక్కనున్నవాళ్ళు ఆమె చేతులు పట్టుకున్నారు.

నేను "సాబ్, రోకో!" అని కెప్టెన్ చెయ్యి గుంజాను. ఆయన ఎందుకని అడగలేదు. తన మాట మీద నిలబడ్డాడు. ఎర్ర తూటా పేల్చాడు. కానీ అప్పటికే చక్రాలు నేల వదిలాయి.

విమానం ముక్కు పైకి లేచింది. ఇంకా లేచింది. దిగాల్సింది దిగలేదు. ఆకాశంలోకి నిటారుగా అయి, ఒక్క క్షణం అక్కడే నిలబడినట్టు కనపడింది. ఊరివాళ్ళు చప్పట్లు కొట్టారు. అది విన్యాసం అనుకున్నారు. ఆ తర్వాత ఒక పక్కకు ఒరిగి, బీడు అవతలి జొన్నచేలో పడింది.

ఆ చప్పట్ల గురించి ఇంకేమీ రాయలేను.

శవం కాలిన తర్వాత, దినాలు నడుస్తుండగానే కెప్టెన్ భూమన్న ఇంటికి వచ్చాడు. ఆయన కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. వాకిట్లో ఊరి పెద్దలు కూర్చున్నారు. దేవవ్వ గోడ పక్కన, పశువుల పాక దగ్గర నేల మీద కూర్చుంది. అప్పటికే ఊరంతా ఒకే మాట మీద ఉంది. పిల్లవాడు బయలుదేరుతుంటే విధవ వెనకనుంచి ఆగమని అరిచింది, అందుకే పడ్డాడు. ఆమెకు నీళ్ళు కూడా దూరంనుంచి పోస్తున్నారు.

కెప్టెన్ సంచిలోంచి సగం కాలిన పసుపు గుడ్డ తీశాడు. అందులో పగిలిన కొబ్బరి చిప్ప ఉంది. "ఇది తోకలో ఇరుక్కుని దొరికింది. ఇదేమిటి?" అని అడిగాడు.

అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడలేదు. లోపల గడప దగ్గర కూర్చున్న బాలలక్ష్మి దాన్ని చూసి లేచి నిలబడింది.

"ఆ రోజు ఆపమని ఎవరైనా అరిచారా?" అని ఆయన మళ్ళీ అడిగాడు.

దీనికి మాత్రం అందరి నోళ్ళూ ఒక్కసారే లేచాయి. "గామె అరిచింది సాబ్! గామెనే! గందుకే గీ గతి పట్టింది!" అని పాక వైపు వేళ్ళు చూపించారు.

కెప్టెన్‌కు మొదట అర్థం కాలేదు. నేను చెప్పాక ఆయన దేవవ్వ వంక చూశాడు. "వీళ్ళకు చెప్పు" అన్నాడు నాతో. "ఆ రోజు బీడు మీద తన పని తాను చేసింది ఆమె ఒక్కతే. ఆ మాట విని గుడ్డ ఎత్తి ఉంటే పిల్లవాడు బతికి ఉండేవాడు. చంపింది ఈ మూట."

నేను చెప్పాను. మెత్తగా చెప్పలేదు. భూమన్న మొహం మీద చూస్తూ, వీధి చివరికి వినపడేలా చెప్పాను. నాకు అప్పుడు జాలి లేదు, కోపమే ఉంది.

"దేవుని ముడుపు మనిషిని సంపుతదా?" అని భూమన్న లేచాడు. "అంజన్న మీద నిందేస్తవా? నీ నోరు పడిపోతది లింగమూర్తీ!"

కానీ బాలలక్ష్మి అతని మాట వినడం లేదు. ఆమె మెల్లగా మెట్లు దిగి, వాకిలి దాటి, పాక దగ్గరికి పోయి దేవవ్వ ముందర కూలబడింది.

"దేవవ్వా, నువ్వు చెప్పు. నువ్వు చూసినవు. నేను కట్టిన ముడుపు సంపిందా వాన్ని? నేనే సంపుకున్ననా నా కొడుకును?"

దేవవ్వ ఒక్క మాట అంటే చాలు. ముడుపు జారడం ఆమె కళ్ళతో చూసింది. కెప్టెన్ ఆమె వైపు ఉన్నాడు, కాలిన గుడ్డ ఆయన చేతిలో ఉంది. అవునంటే ఆమె మీద మచ్చ పోతుంది. వీధి మధ్యలోంచి మళ్ళీ నడవవచ్చు. నేను లోపల లోపల ఆమెను బతిమాలుతున్నాను. చెప్పు అక్కా, చెప్పు, వీళ్ళ మొహాలు మాడిపోనీ!

దేవవ్వ బాలలక్ష్మి మొహం చూసింది. చెయ్యి చాచి ఆమె చెదిరిన జుట్టు వెనక్కి తోసింది.

"ముడుపు ఏం చేస్తది అక్కా? అది దేవుంది" అంది. "నేనే ఆగుమన్న. నా నోరే."

బాలలక్ష్మి గుండెలు బాదుకుంటూ ఆమెను కొట్టడం మొదలుపెట్టింది. వీపు మీద, తల మీద, చేతికి ఎక్కడ అందితే అక్కడ కొట్టింది. దేవవ్వ చేతులు అడ్డం పెట్టుకోలేదు. ఆడవాళ్ళు వచ్చి విడిపించారు. భూమన్న ఊరివాళ్ళ వంక, విన్నారా అన్నట్టు చూశాడు.

"ఆమె ఏమంది?" అని కెప్టెన్ నన్ను అడిగాడు.

"తప్పు తనదే అంటోంది సాబ్. ఆగమన్నందుకు."

ఆయన ఆ గుడ్డను మళ్ళీ సంచిలో పెట్టుకుని జీపు ఎక్కాడు.

భూమన్న దేవవ్వను ఇంట్లోంచి పంపేశాడు. ఊరి చివర కూలిపోయిన గుడిసె ఒకటి ఉంటే కప్పు వేసుకుని అందులో ఉంది. నేను రెండు మూడుసార్లు పోయి తిట్టాను కూడా. "ఎందుకట్ల అన్నవ్? ఎవలకోసం అన్నవ్?" అని అరిచాను. "గామె పానం నిలువాలె గదా తమ్మీ" అంది మొదటిసారి. తర్వాత పోయినప్పుడు నన్ను చూడగానే గుడిసె తడిక దగ్గరికి వేసుకుంది.

వర్షాలు వచ్చి పోయాయి. బీడు ఆరాక శిక్షణ మళ్ళీ మొదలుపెట్టారు. కెప్టెన్ వస్తూనే దేవవ్వను పిలిపించాడు. కిష్టవ్వను, మిగతావాళ్ళను గడ్డి వరకే ఉంచాడు. చివరి చోట దేవవ్వే ఉండాలన్నాడు. కొత్త ఎర్రగుడ్డ తనే చేతికిచ్చాడు. ఆమె వద్దనలేదు. ఇస్తే పుచ్చుకుంది. పోయి నిలబడింది. నా ప్రాణం కాస్త కుదుటపడింది. ఊరు ఏమైనా అనుకోనీ, ఇక్కడ మాత్రం ఆమె మాట చెల్లుతుందనుకున్నాను.

విమానం ఒకటి బయలుదేరింది. అందులో మీసాలు కూడా సరిగా రాని పంజాబీ పిల్లవాడు ఉన్నాడు. అది సగం దూరం పోయిందో లేదో, ఆ చివర తాడు కిందినుంచి బర్రెల మంద ఒకటి బాట మీదికి వచ్చింది. దేవవ్వకు ఎదురుగానే వచ్చింది. ఆమె పక్కనుంచే నడిచిపోయింది. డేరా దగ్గరున్న మాకు మధ్యలోని మిట్ట అడ్డం వచ్చి, అవి బాట నడిమికి చేరేదాకా కనపడలేదు. ఆమె వాటిని చూసింది. వచ్చే విమానాన్నీ చూసింది. గుడ్డ ఆమె చేతిలోనే వేలాడుతోంది. నోరు తెరవలేదు.

పిల్లవాడు తనే చూసుకుని, ఉన్నంత బలంతో విమానాన్ని పైకి గుంజాడు. చక్రాలు బర్రెల వీపులను తాకాయా అన్నంత దగ్గరగా పోయాయి. ఒక చుట్టు తిరిగి క్షేమంగా దిగాడు.

కెప్టెన్ జీపును ఆ చివరికి ఉరికించాడు. నేను ఆయన పక్కనే ఉన్నాను. ఆయన ఆమెను ఎప్పుడూ గద్దించి ఎరగడు. ఆ రోజు గద్దించాడు. "చూడలేదా? నీకు కనపడలేదా?"

"చూసిన" అంది దేవవ్వ.

"మరి ఎందుకు ఎత్తలేదు?"

ఆమె నా వంక చూసింది. ఆ చూపులో దాపరికం లేదు, వేళాకోళం లేదు. ఎవరికోసమో అబద్ధమాడుతున్న మనిషి చూపు అసలే కాదు. ఎదుటివాడికి తెలియని సంగతి ఓపికగా చెబుతున్నట్టు చెప్పింది.

"దొరకు చెప్పు తమ్మీ. నా నోట్లెంచి ఆగుమన్న మాట వస్తె పోరగాండ్లు సస్తరు. మా రామచంద్రం గట్లనే పాయె. గీ పోరన్ని గూడ ఎట్ల సంపుకోను?"

కెప్టెన్ రెండుసార్లు అడిగాక చెప్పాను. ఆయన ఆమె చేతిలోంచి గుడ్డ తీసుకున్నాడు. బీడు వంక, కొడవళ్ళు పట్టుకుని దూరంనుంచి చూస్తున్న ఆడవాళ్ళ వంక, తాడు అవతల పోగవుతున్న ఊరివాళ్ళ వంక చూశాడు. "ఇక్కడ ఆపే మనిషి ఎవరూ లేరు. నేను పిల్లలను ఇక్కడ ఎగరేయను" అని, ఆ పూట శిక్షణ ఆపేయించాడు. ఆ మర్నాడు డేరాలు పీకేశారు. విమానాలు వరసగా లేచి దక్షిణం వైపు పోయాయి, మళ్ళీ రాలేదు. నా నౌకరీ కూడా వాటితోపాటే పోయింది.

అవి పోతుంటే ఊరంతా బీడు మీదికి వచ్చి చూసింది. భూమన్న తల అడ్డంగా ఊపుతూ, "సూసిండ్రా, ఆఖరికి వాటిని గూడ ఎల్లగొట్టింది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునన్నారు. కొంచెం దూరంగా నిలబడ్డ దేవవ్వ కూడా ఆ మాట విని, నిజమేనన్నట్టు తల ఊపింది.